వారసత్వ సంపద అంటే ఏమిటి? హైదరాబాద్ నడకల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం పొద్దున్నే ఓ పది పదిహేనుమందిని వెంటేసుకుని పాతబస్తీలోనో, గోల్కొండలోనో, సికింద్రాబాద్ గల్లీల్లోనో తిరగడం నాకు కొన్నేళ్లుగా అలవాటు. నేను చరిత్ర చదువుకున్నదాన్ని కాదు. వారంలో ఆరు రోజులు లెక్కల్లో తల దూర్చి, ఏడో రోజు ఊపిరి పీల్చుకోవడానికి మొదలుపెట్టిన పని ఇది. నడిచేవాళ్లు మారుతుంటారు, ప్రశ్నలు మాత్రం మారవు. ప్రతిసారీ చెప్పిందే చెప్పి గొంతు పోగొట్టుకునే బదులు ఇక్కడ రాసిపెడుతున్నాను. పెద్ద వరసేమీ లేదు.

వారసత్వం అంటే ఆస్తి కదా? కట్టడాలకీ, పాటలకీ ఆ మాట ఎందుకు వాడతారు?

ఈ అనుమానం న్యాయమైనదే. "వారసత్వ నడక" అని ఫోన్ నంబరు పెట్టిన పుణ్యానికి నెలకు ఒక్కరైనా వారసత్వ సర్టిఫికెట్ గురించి ఫోన్ చేస్తారు. ఆ పొరపాటులో కొంత నిజం లేకపోలేదు. తండ్రి పోయాక భూమిని పిల్లల పేరు మీదికి ఎక్కించుకోవడాన్ని మన తెలంగాణ పల్లెల్లో "విరాసత్ చేయించుకోవడం" అంటారు. పాతబస్తీ పెద్దాయన చార్మినార్ వైపు చెయ్యి చూపి "యే హమారీ విరాసత్ హై" అన్నా అదే మాట.

భూమి దగ్గర ఇంకో రెండు మాటలు కూడా వింటాం, పట్టా, కబ్జా అని. పట్టా అంటే కాగితం మీద పేరు. కబ్జా అనగానే ఇప్పుడు మనకు చెరువుల ఆక్రమణ గుర్తొస్తుంది గానీ, అసలు అర్థం అది కాదు. భూమి ఎవరి అనుభవంలో ఉందో వాళ్లది కబ్జా. పట్టా ఒకరిది, కబ్జా ఒకరిది అయితే ఆ భూమి ఏ గతి పడుతుందో ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. వారసత్వ సంపద సంగతి నాకు ఈ రెండు మాటలతోనే అర్థమైంది. చట్టం, జాబితా, నీలం రంగు బోర్డు, యునెస్కో గుర్తింపు, ఇవన్నీ పట్టా. అక్కడికెళ్లి కూర్చోవడం, వాడుకోవడం, పాడుకోవడం, పిల్లలకు నేర్పడం కబ్జా. చార్మినార్‌కు రెండూ ఉన్నాయి. కేంద్ర పురావస్తు శాఖ దగ్గర పట్టా ఉంది, లాడ్ బజార్ గాజులవాళ్ల నుంచి రంజాన్ రాత్రి షాపింగ్‌కు వచ్చేవాళ్ల దాకా అందరిదీ కబ్జా. ఏ వస్తువు గురించి అడిగినా నేను ముందు ఈ రెండూ చూస్తాను. కింద జవాబుల్లో ఈ గోల మళ్లీ మళ్లీ వస్తుంది, ఓపిక పట్టండి.

అధికారికంగా నిర్వచనం ఏదైనా ఉందా? పరీక్షలో రాయాలి.

ఉంది. 1972లో యునెస్కో ప్రపంచ వారసత్వ ఒప్పందం చేసింది, మన దేశం అందులో 1977లో చేరింది. అందులో సాంస్కృతిక వారసత్వం అంటే కట్టడాలు, కట్టడాల సముదాయాలు, మనిషి చేసినవో మనిషీ ప్రకృతీ కలిసి చేసినవో అయిన స్థలాలు. అంటే చేత్తో తడిమి చూడగలిగేవే లెక్కలోకి వచ్చాయి. పాట, ఆట, కథ, వంట, చేతిపని ఆ లెక్కలో పడలేదు. ఆ లోటు తీర్చడానికి 2003లో ఇంకో ఒప్పందం వచ్చింది, అందులో భారత్ 2005లో చేరింది. దాన్ని తెలుగులో అమూర్త సాంస్కృతిక వారసత్వం అంటున్నారు. నోటి మాటగా వచ్చే సాహిత్యం, ప్రదర్శన కళలు, ఆచారాలూ పండగలూ, ప్రకృతి గురించిన తెలివిడి, సంప్రదాయ చేతివృత్తులు అని అందులో ఐదు రకాలు చెప్పారు. పరీక్షకు ఇంత చాలు.

పరీక్ష అయ్యాక ఆలోచించుకోవడానికి ఒక మాట. ఆ 2003 ఒప్పందంలో నాకు నచ్చింది ఐదు రకాల పట్టిక కాదు. ఏది వారసత్వమో దాన్ని ఆచరించే సముదాయమే "ఇది మాది" అని గుర్తించాలి అని అందులో ఉంది. అంటే నిపుణుడు వచ్చి ముద్ర వేస్తే సరిపోదన్నమాట. అది తరం తరానికీ కొత్తగా మారుతూ ఉంటుందని కూడా రాశారు. "అమూర్త" అనే మాట మాత్రం నాకెప్పుడూ నవ్వు తెప్పిస్తుంది. ఒగ్గు కథలో డోలు దెబ్బ పక్కన నిలబడి వింటే అది ఎంత అమూర్తమో ఛాతీకి తెలుస్తుంది.

చార్మినార్ యునెస్కో ప్రపంచ వారసత్వ కట్టడమే కదా?

కాదు. చెబితే నమ్మనివాళ్లే ఎక్కువ, గైడ్లు కూడా కొందరు అవునంటారు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన చార్మినార్, గోల్కొండ కోట, కుతుబ్ షాహీ సమాధులు కలిపి 2010 నుంచి తాత్కాలిక జాబితాలో ఉన్నాయి. దరఖాస్తు పెట్టుకుని వరండాలో కూర్చున్నట్టు. తెలంగాణకు ఆ గుర్తింపు మొదట దక్కింది ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడికి, 2021లో. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి అది. గోపురానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక, పునాది కింద ఇసుక. అప్పటి మేస్త్రీలకు మన అపార్ట్‌మెంట్ బిల్డర్లకంటే మట్టి గురించి ఎక్కువ తెలుసని నా అనుమానం. నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్లు 2025లో తాత్కాలిక జాబితాలో చేరాయి.

2019లో హైదరాబాద్‌కు యునెస్కో నుంచి వచ్చింది వేరు. అది సృజనాత్మక నగరాల బృందంలో, వంటకాల విభాగంలో చోటు. "మన బిర్యానీని యునెస్కో గుర్తించింది" అని వాట్సాప్‌లో తిరిగేది దాన్ని సాగదీసిన వార్తే.

బతుకమ్మ పండగ కదా, దాన్ని వారసత్వ సంపద అని ఎందుకంటారు? పండగను కాపాడటం ఏమిటి?

2014లో బతుకమ్మనూ బోనాలనూ రాష్ట్ర పండగలుగా ప్రకటించారు. పట్టా దొరికింది. ఆ ప్రకటన అయ్యాక పెద్ద మైదానాల్లో, పెద్ద సౌండ్ బాక్సులతో బతుకమ్మ ఇంకా ఘనంగా జరుగుతోంది. మరి కాపాడాల్సింది ఏముంది అని అడిగితే, నేను పూల దగ్గర మొదలుపెడతాను.

బతుకమ్మకు తంగేడు కావాలి, గునుగు కావాలి, కట్లపూలు, గుమ్మడిపూలు కావాలి. వీటిలో తంగేడూ గునుగూ ఎవరూ నాటి పెంచేవి కావు. చెలకల గట్ల మీద, బంజర్లలో, వానలు వెనకబట్టే వేళకు వాటంతట అవి పూస్తాయి. ఏ గట్టు మీద ఏది ముందు విచ్చుతుందో, గునుగుకు రంగు ఎలా అద్దాలో, తాంబాళంలో కింది వరస ఎంత వెడల్పు పేరిస్తే పైన శిఖరం నిలబడుతుందో తెలిసినవాళ్లు ఉండాలి. చివరన నిమజ్జనానికి చెరువు ఉండాలి. ఇప్పుడు శంషాబాద్ అవతల, శంకర్‌పల్లి అవతల గట్లన్నీ వెంచర్లయ్యాయి. మా అపార్ట్‌మెంట్‌లో పోయినేడు మార్కెట్‌లో కొన్న బంతిపూలతోనే బతుకమ్మలు పేర్చారు, నీళ్ల డ్రమ్ములో వదిలారు. పాటలు యూట్యూబ్ నుంచి వచ్చాయి. అందరం తిరిగాం, చప్పట్లు కొట్టాం, బాగానే ఉంది. కానీ మా పక్క ఫ్లాట్ ఎనిమిదేళ్ల పాప "తంగేడు అంటే ఎట్లుంటది?" అని అడిగితే చూపించడానికి అరగంట దూరంలో ఒక్క పొద లేదు. పండగను కాపాడటం అంటే ఆ పొదను కాపాడటం, ఆ చెరువును కాపాడటం. అందుకే మూర్తం, అమూర్తం అని రెండు డబ్బాలు కట్టి పెట్టుకుంటే పని జరగదంటాను.

బోనాలకు ఈ కష్టం కాస్త తక్కువ. ఆషాఢంలో గోల్కొండలో మొదలై, సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళికి వచ్చి, లాల్‌దర్వాజాకు చేరే ఆ వరస ఊరి వీధుల్లోనే పుట్టింది. కుండ, వేపాకు, పసుపు, అన్నం నగరంలోనూ దొరుకుతాయి. అందుకే నగరం ఎంత మారినా బోనం తలమీది నుంచి దిగలేదు.

మా నానమ్మకు చాలా పాటలు వచ్చు. వాటిని ఎలా దాచిపెట్టాలి?

ఈ ప్రశ్న అడిగినవాళ్లను నేను ఆ రోజు నడకలో ముందు వరసలో పెట్టుకుంటాను. ఎందుకంటే నేను ఆలస్యం చేశాను.

మా మేనత్తకు నాట్ల పాటలు, పెళ్లిలో అప్పగింతల పాటలు, బతుకమ్మ పాటలు కలిపి ఎన్ని వచ్చో లెక్కలేదు. ఫోన్ చేతిలోనే ఉండేది. "దసరాకు వచ్చినప్పుడు రికార్డు చేద్దాం అత్తమ్మా" అంటూ మూడు దసరాలు గడిపాను. నాలుగో ఏడు ఆమెకు పక్షవాతం వచ్చింది. రాగం తీస్తుంది, మాట రాదు. ఇప్పుడు నా దగ్గర ఉన్నది ఓ పెళ్లి వీడియోలో వెనకాల బ్యాండు చప్పుడు మధ్య వినిపించే నలభై సెకన్లు.

కాబట్టి మంచి మైకు కొన్నాక, సెలవులు వచ్చాక అని ఆగకండి. ఈరోజు సాయంత్రం ఫ్యాను ఆపేసి, టీవీ ఆపేసి, ఫోన్ ఆమె ముందు దిండు మీద పెట్టండి. ముందుగా ఆమె పేరు, ఊరు, తారీఖు మీరే చెప్పి మొదలుపెట్టండి. పదేళ్ల తర్వాత ఆ ఫైలు ఎవరిదో మీకే గుర్తుండదు. పాట మధ్యలో మరిచిపోతే అందించకండి, ఆమే వెతుక్కుంటుంది, ఆ వెతుకులాటలో ఇంకో పాట బయటపడుతుంది. ఒంటరిగా కూర్చోబెడితే చాలామందికి పాట రాదు, ఎందుకంటే ఆ పాటలు ఒకరు చెబితే పదిమంది అందుకునేవి. ఆమె చెల్లెల్నో వదిననో పక్కన కూర్చోబెట్టి చూడండి. చేతికి చాటో రోకలో ఇచ్చినా పాట దానంతట అది వస్తుంది. పాట అయ్యాక "ఇది ఎప్పుడు పాడేవాళ్లు, ఎవరి దగ్గర నేర్చుకున్నావ్" అని అడగండి, పాటకంటే ఆ జవాబే బాగుంటుంది ఒక్కోసారి. అందరికీ పంపొచ్చా అని ఆమెనే అడగండి. కొన్ని పాటల్లో అత్తల మీద, మొగుళ్ల మీద ఉన్న మాటలు ఆమె పదిమందిలో వినిపించాలనుకోకపోవచ్చు. ఫైలును ఒక్క ఫోన్‌లో ఉంచకుండా ఇంకో రెండు చోట్ల దాచండి.

ఇంతా చేసి ఇంట్లో ఎవరూ ఆ పాట నేర్చుకోకపోతే? రికార్డు పట్టా మాత్రమే. కబ్జా కోసం మీరు కనీసం ఒక్క పాట నోటికి నేర్చుకోవాలి. గొంతు బాగాలేదు అనకండి, బతుకమ్మ చుట్టూ తిరిగేవాళ్లలో ఎవరి గొంతు బాగుంటుంది?

చేర్యాల బొమ్మలు గిఫ్ట్ షాపుల్లో బాగానే అమ్ముడవుతున్నాయి. అంటే ఆ కళ బతికినట్టే కదా?

సగం. చేర్యాల నకాషీ పనికి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు ఉంది. గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రటి నేల మీద బొమ్మలు వేసే పని అది. దాన్ని నకాషీ కుటుంబాలు ఇప్పటికీ చేస్తున్నాయి, చూస్తే సంతోషమే. కానీ ఆ పటం పుట్టింది గోడకు వేలాడదీయడానికి కాదు. అది బారెడు బారెడుగా విప్పుకుంటూ పోయే చుట్ట. దాన్ని విప్పుతూ రాత్రంతా కథ చెప్పే కులాలు వేరు. కూనపులివాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెబుతారు, కాకిపడగలవాళ్లు ముదిరాజులకు పాండవుల కథ చెబుతారు. ఎవరి పటం వాళ్లది, ఎవరి కథ వాళ్లది. కథకుడికి ఊళ్లో హక్కుగా వచ్చే మేర, అంటే పంటలో వాటా ఉండేది. టీవీ వచ్చాక, పల్లె బతుకుదెరువు మారాక ఆ రాత్రులు తగ్గిపోయాయి. పటం కీచైన్ అయ్యింది, ముసుగు అయ్యింది, టీ ట్రే అయ్యింది. నకాషీ కుటుంబానికి దానివల్ల నాలుగు వేళ్లు నోట్లోకి వెళ్తున్నాయి కాబట్టి తప్పు పట్టను, నేనూ కొన్నాను. అయితే బొమ్మ బతికి, బొమ్మ నోరు పోయింది అని చెప్పకుండా ఉండలేను.

కుతుబ్ షాహీలు, నిజాములు కట్టినవి మన తెలుగువాళ్ల వారసత్వం ఎలా అవుతాయి?

ఈ ప్రశ్న అడిగేటప్పుడు కొందరు గొంతు తగ్గిస్తారు, కొందరు పెంచుతారు. రెండు రకాలవాళ్లకూ గోల్కొండలోనే జవాబు చెబుతాను. కాకతీయుల కాలపు మట్టికోట మీద కుతుబ్ షాహీలు రాతికోట కట్టారు. బాలాహిస్సార్ ద్వారం మీద చెక్కిన బొమ్మలు తలెత్తి చూస్తే ఎవరివో మీకే తెలుస్తుంది. అదే కోటలో కంచర్ల గోపన్న బందీగా ఉన్న చోటు చూడకుండా ఏ తెలుగు కుటుంబమూ కిందికి దిగదు. ఆయన్ను బంధించిన సుల్తాను తానీషా దగ్గర మంత్రులు అక్కన్న, మాదన్నలు. ఇబ్రహీం కుతుబ్ షాను మన కవులు మల్కిభరాముడు అని పిలుచుకున్నారు. సంస్కృత పదాలు లేకుండా అచ్చ తెలుగులో వచ్చిన తొలి కావ్యం పొన్నెగంటి తెలగన్న "యయాతి చరిత్ర" అయితే, అది అంకితం తీసుకున్నది ఆయన కొలువులోని అమీన్‌ఖాన్. అచ్చ తెలుగు మీద మోజుతో ఎవరైనా గోల్కొండను పరాయిదంటే, ఈ సంగతి చెప్పి కొంచెంసేపు ఊరుకుంటాను.

రాజ్యాంగంలో 51ఏ అధికరణం పౌరుల బాధ్యతల్లో ఒకటిగా "మన మిశ్రమ సంస్కృతి" వారసత్వాన్ని కాపాడుకోవాలని చెబుతుంది. మిశ్రమ అనే మాట అక్కడ ఊరికే పడలేదు.

మరి గడీల సంగతి? వెట్టి చేయించిన దొరల ఇళ్లను కాపాడమంటారా?

నడకల్లో ఎక్కువ వేడి పుట్టించే ప్రశ్న ఇదే. ఒకసారి ఒక పెద్దాయన, "ఆ గోడలు మోసింది మా తాత, ఒక్క పైస ఇయ్యలే. కూలితే కూలనీ బిడ్డా" అన్నాడు. ఆ మాటకు ఎదురు చెప్పే అర్హత నాకు లేదు. తెలంగాణ సాయుధ పోరాటంలో జనం కొన్ని గడీల మీద పడ్డారంటే ఊరికే పడలేదు.

అయినా నేను గడీ ఉండాలనే అంటాను, అయితే ఒక షరతు మీద. దొరగారి ఊయల, దొరసాని అద్దం చూపించి ఫొటో స్పాట్‌గా మార్చేటట్టయితే అక్కర్లేదు. వెట్టివాళ్లు నిలబడ్డ చోటు ఏదో, నాగులు, అంటే వడ్డీకి తెచ్చుకున్న ధాన్యం లెక్క ఎక్కడ రాశారో, ఆడవాళ్లు ఏ వాకిలి దాటడానికి భయపడ్డారో చెప్పేటట్టయితే ఉండాలి. దోమకొండ గడీ మరమ్మతులకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డుల్లో ఒకటి వచ్చింది. రాతిపని గొప్పగా చేశారు. కథ ఎవరి వైపు నుంచి చెబుతున్నారో వెళ్లినప్పుడు మీరే గమనించండి. కోఠిలో బ్రిటిష్ రెసిడెన్సీ ఉంది చూడండి, తెల్లదొరల కోసం కట్టిన మేడ. అందులో ఆడపిల్లల కాలేజీ పెట్టారు, ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరున విశ్వవిద్యాలయం. విసునూరు దేశ్‌ముఖ్‌తో భూమి కోసం కొట్లాడిన ఐలమ్మ పేరు ఆ స్తంభాల మీద చూసినప్పుడల్లా, కబ్జా మారడం అంటే ఇదీ అనిపిస్తుంది.

చెట్లు, రాళ్లు కూడా వారసత్వమేనా?

అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమందిని మింగినప్పుడు దాదాపు 150 మంది ఆ చెట్టు ఎక్కి బతికారు. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్యను పిలిపించారు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. ఆ చెట్టు కింద ఇప్పుడు రోగుల బంధువులు టిఫిన్ డబ్బాలు విప్పుకుంటారు. చెట్టు వారసత్వం కాదని వాళ్ల మధ్య నిలబడి ఎవరూ అనలేరు.

రాళ్లంటారా, మన గుట్టల గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఈ ఊళ్లో ఒకప్పటి వారసత్వ జాబితాలో భవనాలతో పాటు కొన్ని శిలా సమూహాలు కూడా ఉండేవి. జూబ్లీహిల్స్‌లో మిగిలినవాటిని చూడాలంటే త్వరగా వెళ్లండి.

పాత ఇల్లు జాబితాలోకి ఎక్కితే ప్రభుత్వం తీసేసుకుంటుందా?

తీసుకోదు. ఇల్లు మీదే, అద్దె మీదే, అమ్ముకునే హక్కూ మీదే. కూల్చడానికీ రూపం మార్చడానికీ అనుమతి అడగాలి, అంతే తేడా. జనం భయపడేది అక్కడే, ఆ భయం పూర్తిగా ఉత్తిదేమీ కాదు. అనుమతుల కోసం తిరిగే ఓపిక, పాత పద్ధతిలో బాగు చేయించే డబ్బు రెండూ ఇంటివాళ్ల మీదే పడతాయి.

మీ ఇల్లు కేంద్రం రక్షణలో ఉన్న కట్టడం పక్కన ఉంటే లెక్క వేరు. 1958 నాటి చట్టాన్ని 2010లో సవరించాక, ఆ కట్టడం హద్దు నుంచి 100 మీటర్లలోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆపై ఇంకో 200 మీటర్లు అనుమతితోనే. నిషేధిత హద్దులో 1992 జూన్ 16కు ముందు నుంచీ ఉన్న ఇంటికి మరమ్మతు చేసుకోవాలంటే అనుమతి అడగొచ్చు. మేస్త్రీ మాట విని పని మొదలుపెట్టకండి, ముందు కాగితం తెచ్చుకోండి.

రాష్ట్రం సంగతి కాస్త చిక్కుముడి. హైదరాబాద్‌లో 1990లలో ఒక నిబంధన కింద వారసత్వ భవనాల జాబితా తయారైంది, 2015లో ఆ నిబంధన తీసేశారు, 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. ఆ మధ్య నలిగిపోయింది ఎర్రమంజిల్ అనే పాత ప్యాలెస్. అసెంబ్లీ భవనం కోసం దాన్ని పడగొట్టాలన్న నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టేసింది. ఆ తీర్పు వచ్చిన వారం మా నడకకు ఎప్పుడూ లేనంత మంది వచ్చారు.

పాత గోడకు సిమెంట్ పూస్తే తప్పేంటి? గట్టిగా ఉంటుంది కదా?

గట్టిగా ఉండటమే తప్పు. చార్మినార్, సమాధులు కట్టినది గానుగ సున్నంతో. సున్నాన్ని ఇసుకతో కలిపి గానుగలో రోజుల తరబడి నూరి, బెల్లం, మారేడు గుజ్జు, మినుములు, కోడిగుడ్డు సొన వంటివి కలిపేవాళ్లు. ఆ గచ్చు ఊపిరి పీలుస్తుంది. గోడలోకి చేరిన తడి మెల్లగా బయటికి పోతుంది. పైన సిమెంట్ పూస్తే ఆ తడి లోపలే చిక్కుకుని, ఉప్పు పేరుకుని, గచ్చుతో పాటు రాతినీ పెచ్చులుగా ఊడగొడుతుంది. 2019లో చార్మినార్ మినార్ నుంచి గచ్చు ముక్క ఊడిపడ్డప్పుడు టీవీల్లో ఒకటే హడావుడి. గచ్చు ఊడటం వింత కాదు, దాన్ని సున్నంతోనే మళ్లీ అతికించే చేతులు ఉన్నాయా అన్నదే నా టెన్షన్.

ఆ చేతులు కొన్ని కుతుబ్ షాహీ సమాధుల దగ్గర తయారయ్యాయి. 2013లో రాష్ట్ర పురావస్తు శాఖతో కలిసి ఆగాఖాన్ సంస్థ మొదలుపెట్టిన పని 2024 దాకా సాగింది. అక్కడ గోల్కొండ మెట్లబావుల మరమ్మతుకు 2022లో యునెస్కో పురస్కారం వచ్చింది. నాకు అంతకంటే ఇష్టమైనది బన్సీలాల్‌పేట మెట్లబావి. దశాబ్దాలపాటు చెత్తకుప్ప అయిన బావి అది. చెత్తంతా ఎత్తి, గోడలు బాగుచేసి, 2022 డిసెంబర్‌లో మళ్లీ తెరిచారు. అడుగున నీళ్లు ఊరాయి. సాయంత్రం వెళ్తే చుట్టుపక్కల పిల్లలు మెట్ల మీద హోంవర్క్ చేస్తూ కనిపిస్తారు.

ఇంట్లో తాతల నాటి ఇత్తడి సామాను, తాళపత్రాలు ఉన్నాయి. అమ్మొచ్చా?

గంగాళం, చెంబు, కంచు పళ్లెం అమ్ముకోవడానికి ఏ చట్టం అడ్డం రాదు, మీ మనసు తప్ప. మా ఇంట్లో నానమ్మ గంగాళాన్ని తూకానికి వేసి స్టీలు డబ్బాలు తెచ్చుకున్నారు. అప్పుడు అందరం సంతోషపడ్డాం. బియ్యప్పిండితో చేసే సర్వపిండికి ఆ పేరు వచ్చిందే సర్వ అనే గిన్నె నుంచి. ఇప్పుడు నాన్‌స్టిక్ పెనం మీద చేస్తే అంచులు అలా ఎర్రగా రావు. ఆ పాపం స్టీలు డబ్బాలదే.

నూరేళ్లు దాటిన విగ్రహాలు, చిత్రాలు, డెబ్బయి ఐదేళ్లు దాటిన విలువైన రాతప్రతులు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి. ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించకూడదు. రాతి, లోహ విగ్రహాలు, వర్ణచిత్రాలు, బొమ్మలున్న రాతప్రతుల వంటి కొన్ని రకాలను రిజిస్టర్ చేయించాలి. తాళపత్రాలు ఉంటే లామినేషన్ మాత్రం చేయించకండి, దండం పెడతాను. ఉస్మానియా విశ్వవిద్యాలయం వైపు ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఉంది, తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. వెళ్లి చూపించండి.

పునాది తవ్వుతుంటే లంకె బిందెలు దొరికితే?

కలెక్టర్‌కు చెప్పాలి. 1878 నాటి నిధుల చట్టం లెక్కలో పది రూపాయల విలువ దాటితే చాలు. ఇంతవరకు నా నడకలకు వచ్చినవాళ్లలో ఎవరికీ దొరకలేదు, దొరికినా నాకు చెప్పరు.

హలీమ్, ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ వారసత్వమేనా?

హైదరాబాద్ హలీమ్‌కు 2010లోనే జీఐ వచ్చింది, లక్క గాజులకు 2024లో. జీఐ అంటే పేరు వాడుకునే హక్కు, వ్యాపారానికి పనికొచ్చే పట్టా. రుచికి దానితో సంబంధం లేదు. గోధుమలూ మాంసమూ రోజంతా కర్రతో కొట్టే మనిషి చేతులు నొప్పి పుట్టి మిక్సర్ పెట్టుకున్నాడనుకోండి, జీఐ అతన్ని ఆపదు. ఇరానీ హోటళ్ల సంగతి ఇంకా సులువు. చాయ్ అన్నిచోట్లా దొరుకుతుంది. ఒక చాయ్‌కి రెండు గంటలు కూర్చోనిచ్చే పాలరాతి బల్ల పోతోంది. మూల మీద ఉన్న ఆ జాగా అద్దె బట్టల షోరూమ్ ఇవ్వగలదు, చాయ్ ఇవ్వలేదు. అందుకే మా నడక ఎప్పుడూ ఇరానీ హోటల్లో ముగుస్తుంది, బిల్లు ఎవరిది వాళ్లు కట్టుకోవాలి.

నూరేళ్లు నిండకపోతే వారసత్వం కాదా?

నూరేళ్లన్నది చట్టం గీసుకున్న గీత. మొజంజాహీ మార్కెట్ 1935 నాటిది, ఏటా జరిగే నాంపల్లి ఎగ్జిబిషన్, అదే నుమాయిష్, 1938లో మొదలైంది. కాదని ఎవరనగలరు?

గోల్కొండ గోడ మీద పేర్లు చెక్కేవాళ్లు కనిపిస్తే ఏం చేయాలి?

రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ ఉన్నాయని మర్యాదగా చెప్పండి. జంటల పేర్లయితే అమ్మాయి ముందు చెప్పకండి, అబ్బాయి పౌరుషానికి పోయి గుండె బొమ్మ కూడా చెక్కుతాడు. పక్కకు పిలిచి చెప్పండి.

వారసత్వ సర్టిఫికెట్‌కు ఎన్ని రోజులు పడుతుంది?

ఇక్కడ ఇవ్వం. మీసేవలో దరఖాస్తు పెట్టుకోండి, భూమి విరాసత్ అయితే తహసీల్దార్ ఆఫీసుకు వెళ్లండి. ఆదివారం వాళ్లకు సెలవు కాబట్టి, పొద్దున ఆరున్నరకు చార్మినార్ దగ్గరికి మాత్రం రావొచ్చు.